15 మిల్లీమీటర్ల గోడ: ఎకో రిపోర్టులో ఒక అంకె కథ

2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో కాన్ఫెడరేషన్స్ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ జరిగింది. కామెరూన్, కొలంబియా జట్లు ఆడుతున్నాయి. 72వ నిమిషంలో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే మైదానం మధ్యలో కుప్పకూలిపోయాడు. ఎవరూ ఢీకొట్టలేదు, ఎవరూ కాలు అడ్డం పెట్టలేదు. డాక్టర్లు ఎంత ప్రయత్నించినా బతకలేదు. అప్పుడు అతని వయసు 28. పోస్ట్‌మార్టంలో తేలిన కారణం హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. అంటే బీపీ లాంటి బయటి కారణం ఏదీ లేకుండానే గుండె కండరం మందంగా పెరిగిపోయే జబ్బు. డాక్టర్లు దీన్ని పొట్టిగా హెచ్‌సీఎం అంటారు, మనమూ అలాగే అందాం.

ఇది అరుదైన జబ్బే, కానీ మనం అనుకున్నంత అరుదు కాదు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 4,000 మంది చదివే ఇంజినీరింగ్ కాలేజీ ఒకటి తీసుకుంటే, లెక్క ప్రకారం 8 మంది. భయపడాల్సిన పని లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామంది మామూలుగానే బతుకుతారు, కొందరికి ఉన్నట్టు కూడా తెలియదు. కానీ కొద్దిమందిలో మొదటి లక్షణమే చివరిది అవుతుంది. అందుకే ముందుగా కనిపెట్టడం ఎలా అన్న ప్రశ్న ముఖ్యం.

జవాబు సులువుగానే ఉంది కదా అనిపిస్తుంది. గుండెని స్కాన్ చేసి, గోడ మందం కొలిచి, ఎక్కువ ఉంటే జబ్బు, లేకపోతే లేదు. ఒక ఇఫ్, ఒక ఎల్స్. మన ఫస్టియర్ ప్రోగ్రామంత. అసలు విషయం అంత సులువు ఎందుకు కాదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఆ అంకె సంగతి

గుండెలో నాలుగు గదులు ఉంటాయని స్కూల్లో చదువుకున్నాం. కింది ఎడమ గది, అంటే ఎడమ జఠరిక, ఒంటికంతటికీ రక్తాన్ని తోస్తుంది. పని ఎక్కువ కాబట్టి దాని గోడ కుడివైపు గోడకన్నా మందం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఈ మందం సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. వేరే కారణం ఏదీ లేకుండా 15 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉంటే హెచ్‌సీఎం అంటారు. కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే 13 మి.మీ. ఉన్నా అనుమానించాల్సిందే.

ఈ నిర్వచనంలో అందరూ 15 అనే అంకెనే చూస్తారు. కానీ కష్టమంతా 'వేరే కారణం ఏదీ లేకుండా' అనే నాలుగు మాటల్లో ఉంది.

ఓడల కంపెనీ నుంచి గుండె దాకా

కదిలే గుండెని కొయ్యకుండా చూడటం 1953లో స్వీడన్‌లో మొదలైంది. లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే డాక్టరు, హెల్ముట్ హెర్ట్జ్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త కలిసి పనిచేశారు. దగ్గర్లోని మాల్మోలో ఓడలు కట్టే కాకమ్స్ కంపెనీ వాళ్ళ దగ్గర లోహంలో పగుళ్ళు వెతికే అల్ట్రాసౌండ్ పరికరం ఉండేది. ఇనుములో పగులు నుంచి ప్రతిధ్వని వచ్చినట్టే గుండె గోడ నుంచి కూడా రావాలి కదా అని వాళ్ళ ఆలోచన. అదే ఏడాది అక్టోబరులో గుండె కదలికని రికార్డు చేశారు. ఈ రోజు మన ఊళ్ళలో 'ఎకో తీయించుకోమన్నారు' అంటామే, ఆ ఎకో పుట్టింది అక్కడే. మన యూనిట్లలో ఉన్న హెర్ట్జ్ పేరు కూడా ఈ కుటుంబానిదే: హైన్‌రిష్ హెర్ట్జ్ ఈయన తండ్రికి పినతండ్రి లేదా పెదనాన్న వరసలో దగ్గరి బంధువు.

ఎకో పనిచేసే తీరు ప్లస్ టూ ఫిజిక్స్‌తోనే అర్థమవుతుంది. శరీరంలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు ప్రయాణిస్తుంది. ఛాతీ మీద పెట్టిన ప్రోబ్ నుంచి 15 సెం.మీ. లోతుకు వెళ్ళి తిరిగి రావాలంటే మొత్తం 30 సెం.మీ. దూరం. 0.30ని 1,540తో భాగిస్తే దాదాపు 195 మైక్రోసెకన్లు వస్తుంది. మొదటి పల్స్ ప్రతిధ్వని వచ్చేదాకా రెండో పల్స్ పంపకూడదు, పంపితే ఏ ప్రతిధ్వని దేనిదో తెలియదు. అంటే సెకనుకు దాదాపు 5,100 గీతలే గీయగలం. ఒక బొమ్మకి 100 గీతలు కావాలంటే సెకనుకు 51 ఫ్రేములు. ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా ధ్వని వేగం పెరగదు. అందుకే కొత్త మెషీన్లు ఒకే పల్స్‌కి పక్కపక్కన ఉన్న కొన్ని గీతలని ఒకేసారి విని ఈ హద్దుని దాటుతాయి.

స్పష్టత కూడా ఇలాగే లెక్కకి అందుతుంది. 3 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు అర మిల్లీమీటరు. ఫ్రీక్వెన్సీ పెంచితే ఇంకా సన్నటి వివరం కనిపిస్తుంది, కానీ ధ్వని లోతుకు వెళ్ళకముందే చచ్చిపోతుంది. రెండూ కావాలంటే కుదరదు.

ఏటవాలు కోత

అర మిల్లీమీటరు స్పష్టత ఉంటే 12కీ 15కీ తేడా తెలియడం ఎంత పని అనుకుంటాం. ఇక్కడ జామెట్రీ అడ్డొస్తుంది. అరటికాయని నేరుగా కోస్తే గుండ్రటి చక్రాలు వస్తాయి, తొక్క సన్నగా కనిపిస్తుంది. అదే కాయని ఏటవాలుగా కోస్తే ముక్క కోలగా వస్తుంది, తొక్క కూడా మందంగా కనిపిస్తుంది. తొక్క మారలేదు, కోసిన కోణం మారింది.

ఎకోలో ప్రోబ్ తిప్పే కోణం ఆ కత్తి లాంటిది. గోడకి నిటారుగా కాకుండా 37 డిగ్రీలు వాలిందనుకోండి. 37 డిగ్రీల కొసైన్ 0.8. నిజంగా 12 మి.మీ. ఉన్న గోడ తెర మీద 12 భాగించు 0.8, అంటే 15 మి.మీ. కనిపిస్తుంది. మనిషి మారలేదు, కానీ రిపోర్టు మారిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు జఠరికల మధ్య గోడకి కుడివైపున కొన్ని కండరపు పట్టీలు ఆనుకుని ఉంటాయి. వాటిని గోడలో భాగంగా కలిపి కొలిస్తే మళ్ళీ రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వస్తాయి. అందుకే మంచి టెక్నీషియన్ ఒక్క బొమ్మని నమ్మరు, అదే గోడని వేరే వేరే వైపుల నుంచి చూస్తారు.

ఒకే మందం, నాలుగు కారణాలు

కొలత సరిగ్గానే వచ్చిందనుకుందాం. 14 మి.మీ. ఇప్పుడు ఎందుకు మందంగా ఉంది అన్నది ప్రశ్న. ముఖ్యంగా నాలుగు కారణాలు చూడాలి.

మొదటిది బీపీ. ఏళ్ళ తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తం తోస్తుంటే గుండె గోడ బరువులెత్తే వాడి చెయ్యిలా లావెక్కుతుంది. సాధారణంగా అన్ని వైపులా సమానంగా, 15 దాటకుండా పెరుగుతుంది.

రెండోది వ్యాయామం. పడవలు నడిపేవాళ్ళు, సైకిల్ రేసర్ల గుండె కూడా పెద్దదవుతుంది. 1991లో ఇటలీలో 947 మంది అగ్రశ్రేణి క్రీడాకారుల మీద వచ్చిన అధ్యయనంలో 13 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ గోడ ఉన్నవాళ్ళు 16 మందే. అంటే క్రీడాకారుల్లో కూడా అంత మందం అరుదు. 13 నుంచి 15 దాకా ఉన్న మధ్య ప్రాంతంలోనే తికమక. అప్పుడు గోడతో పాటు గదిని కూడా చూడాలి. క్రీడాకారుడి గుండెలో గోడతో పాటు లోపలి గది కూడా పెద్దదవుతుంది, హెచ్‌సీఎంలో గది చిన్నగా ఉండిపోతుంది. ఇంకా తేలకపోతే కొన్ని నెలలు ప్రాక్టీసు ఆపమంటారు. ఆటవల్ల వచ్చిన మందం అయితే తగ్గుతుంది, జబ్బు అయితే తగ్గదు. ఒక క్రీడాకారుడికి ఆ కొన్ని నెలలు ఎంత విలువైనవో ఆలోచించండి. అటు తప్పు చెబితే కెరీర్ పోతుంది, ఇటు తప్పు చెబితే ప్రాణం పోతుంది.

మూడోది హెచ్‌సీఎం. 1958లో లండన్‌లో డొనాల్డ్ టేర్ అనే పాథాలజిస్టు యువకుల్లో ఇలాంటి 8 గుండెల గురించి రాశారు. గోడ ఒకవైపే, ఎక్కువగా మధ్య గోడలో, పెరుగుతుంది. మైక్రోస్కోపులో చూస్తే కండర కణాలు వరసలో కాకుండా చెల్లాచెదురుగా అల్లుకుని ఉంటాయి. విద్యుత్ సంకేతం సాఫీగా పాకాల్సిన దారి చిక్కుపడటం వల్లే ప్రమాదకరమైన లయలు పుడతాయి.

నాలుగోది అమిలాయిడోసిస్. ఇందులో కండరం అసలు పెరగదు. కణాల మధ్య ఒక ప్రోటీను చెత్తలా పేరుకుపోయి గోడని ఉబ్బిస్తుంది. ఎకోలో మాత్రం ఇదీ 'మందమైన గోడ'గానే కనిపిస్తుంది.

మందుల సంగతికి వస్తే ఈ నాలుగూ నాలుగు దారులు. ఒకరికి బీపీ బిళ్ళ, ఒకరికి విశ్రాంతి, ఒకరికి అవసరమైతే షాక్ ఇచ్చే పరికరం లేదా ఆపరేషన్, ఇంకొకరికి పూర్తిగా వేరే మందు. అందుకే ఇక్కడి నుంచి బొమ్మలు చదవడం డిటెక్టివ్ పనిలా మారుతుంది.

వేగం నుంచి ఒత్తిడి

హెచ్‌సీఎంలో మధ్య గోడ ఉబ్బి రక్తం బయటికి వెళ్ళే దారిని ఇరుకు చేస్తుంది. గుండె ముడుచుకునేటప్పుడు మిట్రల్ కవాటం రేకు కూడా ఆ ఇరుకులోకి లాగబడి దారికి అడ్డం పడుతుంది. ఈ అడ్డు ఎంత గట్టిదో సూది గుచ్చకుండా ఎలా తెలుస్తుంది? డాప్లర్ వల్ల.

అంబులెన్స్ మన వైపు వస్తుంటే సైరన్ స్వరం పెరిగినట్టు, రక్తకణాల నుంచి తిరిగొచ్చే ధ్వని ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఆ మార్పు నుంచి రక్తం వేగం వస్తుంది. వేగం నుంచి ఒత్తిడి తేడాకి ఒక చిన్న సూత్రం ఉంది: వేగం వర్గాన్ని 4తో గుణించండి. వేగం సెకనుకు మీటర్లలో ఉంటే జవాబు బీపీ కొలిచే యూనిట్లలోనే, అంటే పాదరసం మిల్లీమీటర్లలో వస్తుంది.

ఆ 4 ఎక్కడిది? బెర్నౌలీ సూత్రంలో ఒత్తిడి తేడా అంటే సాంద్రతలో సగం ఇంటూ వేగం వర్గం. రక్తం సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1,060 కిలోలు, సగం 530. అది పాస్కల్స్‌లో ఉంది. ఒక పాదరసం మిల్లీమీటరు అంటే సుమారు 133 పాస్కల్స్. 530ని 133తో భాగిస్తే దాదాపు 4. ఫస్టియర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన సూత్రమే ఇక్కడ ఒక మనిషికి ఆపరేషన్ కావాలో వద్దో చెప్పడానికి సాయం చేస్తోంది.

మామూలుగా ఆ దారిలో వేగం సెకనుకు ఒక మీటరు చుట్టూ ఉంటుంది, తేడా 4. అదే వేగం 4 మీటర్లయితే తేడా 64. హెచ్‌సీఎంలో 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అడ్డు ఉన్నట్టు లెక్క. 50 దాటి, మందులు వాడుతున్నా ఆయాసం తగ్గకపోతే కండరాన్ని తగ్గించే చికిత్సల గురించి ఆలోచిస్తారు. ఇంకో విశేషం, ఈ అడ్డు స్థిరంగా ఉండదు. పడుకున్నప్పుడు తక్కువ, ముక్కు మూసుకుని గట్టిగా ముక్కినప్పుడు లేదా పరుగెత్తాక ఎక్కువ. అందుకే పేషెంటుని ముక్కమనో, నడిపించో మళ్ళీ కొలుస్తారు. ప్రశాంతంగా పడుకుని తీయించుకున్న ఒక్క రిపోర్టు పూర్తి నిజం చెప్పకపోవచ్చు.

ఇస్పేటు ఆసు

గోడ మధ్యలో కాకుండా గుండె కొనలో మందమెక్కే రకం కూడా ఉంది. దీన్ని జపాన్ డాక్టర్లు వివరంగా గుర్తించారు, యమగుచి బృందం 1979లో రాసింది. రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే ఎడమ గది ఆకారం పేకముక్కల్లో ఇస్పేటు ఆసులా కనిపిస్తుంది. పైన వెడల్పు, కొన దగ్గర మొన తేలి.

ఎకోకి ఈ కొన అంటే ఇబ్బంది. కొన ప్రోబ్‌కి మరీ దగ్గరగా ఉంటుంది, దగ్గరి భాగంలో బొమ్మ మసకగా ఉంటుంది. పక్కటెముకలు, ఊపిరితిత్తుల్లో గాలి కూడా అడ్డం. ఈసీజీ విచిత్రంగా ఉండి ఎకో 'నార్మల్' అని వస్తే, అక్కడ ఎమ్మారై కావాలి.

ఎమ్మారై చెప్పే రెండో కథ

ఎమ్మారైలో ఎక్స్‌రే లేదు, ధ్వనీ లేదు. పెద్ద అయస్కాంతంలో శరీరంలోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలని రేడియో తరంగంతో కదిపి, అవి మళ్ళీ కుదురుకునేటప్పుడు ఇచ్చే సంకేతాన్ని వింటారు. ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో ముక్క తీసుకోవచ్చు కాబట్టి అరటికాయ సమస్య చాలావరకు పోతుంది. కొన కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

కానీ దీని అసలు బలం మందం కొలవడంలో కాదు, గోడ దేనితో తయారైందో చెప్పడంలో. గాడోలినియం అనే మందు రక్తంలోకి ఎక్కించి పది పదిహేను నిమిషాలు ఆగుతారు. అది కణాల లోపలికి వెళ్ళదు, కణాల మధ్య ఖాళీల్లోనే తిరుగుతుంది. ఆరోగ్యమైన కండరంలో ఖాళీ తక్కువ, మందు త్వరగా కడుక్కుపోతుంది. మచ్చకట్టిన చోట ఖాళీ ఎక్కువ, మందు అక్కడే నిలిచిపోతుంది. మంచి కండరం నల్లగా, మచ్చ తెల్లగా కనిపించేలా బొమ్మ తీస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి మాత్రం ఈ మందు విషయంలో జాగ్రత్త పడతారు.

తెలుపు ఎక్కడ ఉందన్నదే క్లూ. రక్తనాళం మూసుకుపోయి వచ్చిన గుండెపోటు అయితే మచ్చ గోడ లోపలి పొర నుంచి మొదలై ఆ రక్తనాళం మేరలోనే ఉంటుంది. గుండె కండరానికి వాపు వస్తే ఎక్కువగా బయటి పొరలో ఉంటుంది. హెచ్‌సీఎంలో గోడ మధ్యలో, ముఖ్యంగా కుడి జఠరిక వచ్చి కలిసే చోట్ల, అక్కడక్కడా మరకల్లా ఉంటుంది. అమిలాయిడోసిస్‌లో గోడంతా పరుచుకుని, ఒక్కోసారి 'మంచి కండరాన్ని' నల్లగా చెయ్యడమే కుదరదు, ఎందుకంటే మంచి కండరం మిగలలేదు. హెచ్‌సీఎంలో ఈ మచ్చ ఎడమ జఠరిక బరువులో 15 శాతం దాటితే హఠాన్మరణం ముప్పు పెరుగుతుందని తేలింది. గోడ మందం ఒకటే ఉన్న ఇద్దరిలో ఎవరికి షాక్ పరికరం అవసరమో నిర్ణయించడానికి ఇది ఒక ఆధారం.

ఎముకల స్కాన్‌లో మెరిసిన గుండె

అమిలాయిడోసిస్‌ని పట్టుకునే తీరు నాకు అన్నిటికన్నా నచ్చింది. కారణం, ఇందులో ఏ ఒక్క పరీక్షా విడిగా జవాబు చెప్పదు. రెండు పరీక్షలు ఒకదాన్నొకటి కాదనడమే ఆధారం.

గోడ మందంగా ఉంటే కండరం ఎక్కువ, కాబట్టి ఈసీజీలో గీతలు పెద్దవిగా రావాలి. అమిలాయిడ్ గుండెలో ఎకో 'మందం' అంటుంది, ఈసీజీ గీతలు మాత్రం చిన్నగా ఉంటాయి. ఎందుకంటే పెరిగింది కండరం కాదు, విద్యుత్తు పుట్టించని ప్రోటీను. ఈ పొంతన లేకపోవడమే మొదటి అనుమానం.

రెండోది ఎకో వీడియోలోనే ఉంటుంది. కండరంలో చిన్న చిన్న చుక్కల నమూనాని ఫ్రేము నుంచి ఫ్రేముకి వెంబడించి, ఏ భాగం ఎంత ముడుచుకుంటోందో లెక్కిస్తారు. కంప్యూటర్ విజన్ చదివేవాళ్ళకి ఇది తెలిసిన పనే. ఆ లెక్కని గుండ్రటి లక్ష్యం బొమ్మలా వేస్తే అమిలాయిడ్ గుండెలో అంచులు పాలిపోయి, నడుమ, అంటే గుండె కొన, మాత్రం ఎర్రగా ఉంటుంది. కేకు మీద చెర్రీలా ఉందని డాక్టర్లు దానికి ఆ పేరే పెట్టారు.

మూడోది ఎముకల స్కాన్. టెక్నీషియం కలిపిన పైరోఫాస్ఫేట్ లాంటి మందు ఎక్కించి గామా కెమెరాతో చూస్తారు. మామూలుగా ఎముకలు మెరవాలి. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీను పేరుకున్న గుండె అయితే ఎముకల మధ్య గుండె కూడా మెరుస్తుంది. అయితే అమిలాయిడ్‌లో రక్త కణాల జబ్బు నుంచి వచ్చే ఇంకో రకం ఉంది, దానికి త్వరగా కీమోథెరపీ కావాలి. అందుకే రక్తం, మూత్రం పరీక్షలు కూడా చేసి ఆ రకం లేదని తేల్చుకోవాలి. స్కాన్ మెరిసి, ఆ పరీక్షలు మామూలుగా ఉంటే గుండె నుంచి ముక్క తీయకుండానే ట్రాన్స్‌థైరెటిన్ రకం అని చెప్పొచ్చని 2016లో అంతర్జాతీయ బృందం చూపించింది. 2019లో అమెరికాలో టఫామిడిస్ అనే మందుకి అనుమతి వచ్చింది. అది పేరుకున్నదాన్ని తీసెయ్యదు, జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుంది. కాబట్టి ఎంత ముందు కనిపెడితే అంత లాభం. అంతకుముందు 'ముసలితనం, బీపీ' అని వదిలేసిన ఎన్నో మందమైన గోడలకి ఇప్పుడు పేరు ఉంది.

మరి మన మోడల్ ఏం చేస్తుంది?

ఇంతదాకా చదివిన సీఎస్‌ఈ వాళ్ళకి ఒకటే ఆలోచన వస్తుంది: న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పిస్తే పోలా? ఆ పని మొదలైంది కూడా. 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఎకోనెట్ డైనమిక్ అనే మోడల్‌ని ప్రచురించి, 10,030 ఎకో వీడియోలని అందరికీ అందుబాటులో పెట్టారు. గుండె ఒక్కో దెబ్బకి ఎంత శాతం రక్తాన్ని తోస్తుందో అది సగటున సుమారు 4 శాతం తేడాతో చెప్పగలిగింది. మంచి ఫలితం. కానీ అది ప్రతి గుండెలోనూ ఉండే కొలత. 500లో ఒకరికి ఉండే జబ్బు సంగతి వేరు. మామూలు జనం నుంచి అన్ని వీడియోలు తీసుకుంటే అందులో హెచ్‌సీఎం ఉన్నవాళ్ళు 20 మందే ఉంటారు.

లెక్క వేసి చూద్దాం. 10,000 మంది విద్యార్థులకి స్కాన్ చేశాం. జబ్బు ఉన్నవాళ్ళు 20, లేనివాళ్ళు 9,980. మొదట ఒక మోసపు మోడల్: అందరికీ 'నార్మల్' అని ప్రింట్ చేస్తుంది. దాని అక్యురసీ 99.8 శాతం! పట్టుకున్నది సున్నా. ప్రాజెక్టు రివ్యూల్లో అక్యురసీ ఒక్కటే చూపిస్తే ఎందుకు నమ్మకూడదో ఇదే ఉదాహరణ.

ఇప్పుడు మంచి మోడల్. జబ్బు ఉన్న 100 మందిలో 95 మందిని పట్టుకుంటుంది, లేని 100 మందిలో 95 మందిని సరిగ్గా వదిలేస్తుంది. 20 మందిలో 19 మంది దొరికారు. కానీ 9,980లో 5 శాతం, అంటే 499 మంది ఆరోగ్యవంతులకి కూడా 'జబ్బు' అని వచ్చింది. మొత్తం 518 మందికి భయం పుట్టించాం, అందులో నిజం 19. నూటికి నలుగురు కూడా లేరు.

అదే మోడల్‌ని వేరే చోట వాడదాం. హెచ్‌సీఎం చాలా కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుంది, వచ్చే అవకాశం సగానికి సగం. అలాంటి ఇళ్ళ నుంచి 200 మందిని పిలిచాం. లెక్క తేలికగా ఉండటానికి 100 మందికి జబ్బు బయటపడింది అనుకుందాం. 95 మంది దొరుకుతారు, ఆరోగ్యంగా ఉన్న 100లో 5 తప్పులు. 'జబ్బు' అని వచ్చిన 100 మందిలో 95 నిజం. కోడ్‌లో ఒక్క లైను మారలేదు, వెయిట్స్ మారలేదు, మెషీన్ మారలేదు. నూటికి 4 కాస్తా 95 అయింది. మారింది స్కాన్‌కి ముందు అడిగిన ఒక ప్రశ్న: 'మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా?'

అందుకే మంచి డాక్టరు ప్రోబ్ చేతిలోకి తీసుకునే ముందు మాట్లాడతారు. బీపీ ఎన్నేళ్ళుగా ఉంది, ఆటలు ఆడతావా, పరుగెత్తేటప్పుడు ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డావా, చేతివేళ్ళ తిమ్మిర్లకి మణికట్టు ఆపరేషన్ అయిందా. చివరి ప్రశ్న గుండెకి సంబంధం లేనట్టు ఉంటుంది, కానీ అమిలాయిడ్ గుండెలోకి రావడానికి కొన్నేళ్ళ ముందే మణికట్టులో నరాన్ని నొక్కడం మొదలుపెడుతుంది.

మన రక్తంలో 25 అక్షరాలు

ఈ కథలో మన హైదరాబాద్‌కి కూడా చోటుంది. గుండె కండరంలో మయోసిన్ బైండింగ్ ప్రోటీన్ సి అని ఒకటి ఉంటుంది. దాని జన్యువులో 25 అక్షరాలు తగ్గిపోయిన ఒక మార్పుకీ గుండె కండరాల జబ్బులకీ సంబంధం ఉందని 2009లో నేచర్ జెనెటిక్స్‌లో వ్యాసం వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ పరిశోధనలో ఉన్నారు. ఈ మార్పు భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని అంచనా. ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు, ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. కానీ వేరే దేశాల గుండెల మీద నేర్పిన మోడల్ మన గుండెలకి అలాగే సరిపోతుందని ముందే అనుకోకూడదు. ఇక్కడి డేటా, ఇక్కడి లేబుల్స్ కావాలి. ఆ పని చేయాల్సినవాళ్ళలో మనమూ ఉండొచ్చు.

చివరిగా, పరీక్షకి రాని ముఖ్యమైన పాయింట్లు

ఆడుతుండగా లేదా పరుగెత్తుతుండగా స్పృహ తప్పడం, కష్టపడినప్పుడు ఛాతీ నొప్పి, తోటివాళ్ళకి లేని ఆయాసం, ఇంట్లో 50 ఏళ్ళలోపు ఎవరైనా కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోవడం: వీటిలో ఏది ఉన్నా 'ఎండకి పడ్డాడులే, టిఫిన్ తినలేదులే' అని సరిపెట్టుకోకుండా ఒకసారి డాక్టర్ని కలవాలి. మొదటి మెట్టు ఈసీజీ. హెచ్‌సీఎం ఉన్న చాలామందిలో అది ఎంతో కొంత తేడాగానే ఉంటుంది. తర్వాత ఎకో. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు అని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా చూపించుకోవాలి. ఒకసారి నార్మల్ వచ్చినా కొన్నేళ్ళకోసారి మళ్ళీ చూస్తారు, ఎందుకంటే గోడ టీనేజిలోనో ఆ తర్వాతో మందమెక్కవచ్చు.

మన ఇళ్ళలో చిన్న వయసులో పోయినవాళ్ళ గురించి ఎక్కువ మాట్లాడుకోరు. 'మీ చిన్న తాతయ్య పొలంలో పడిపోయాడు, ఆయుష్షు అంతే' అని ఆపేస్తారు. సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మమ్మనో నానమ్మనో నెమ్మదిగా అడగండి: ఎన్నేళ్ళకి పోయాడు, ఏం చేస్తుండగా పోయాడు, అంతకుముందు ఎప్పుడైనా అలా పడ్డాడా. ఏ స్కానర్‌లోనూ కనిపించని ఆ సమాచారం ఆమె దగ్గరే ఉంది. పైన లెక్కలో నూటికి 4ని 95 చేసింది అలాంటి జవాబే.